గ్యారంటీ కాగితంలో నేను చదవని సగం

1938వ సంవత్సరం. గద్వాల బజారులో, కోట గోడకు ఎదురు వరుసలో నా దుకాణం. గడియారాలు బాగుచేయడం నా పని. ముందు గదిలో కొత్త గోడగడియారాలు, రెండు మూడు గ్రామఫోన్లు అమ్మకానికి పెట్టేవాణ్ణి. ఆ ఏడు వానాకాలంలో బొంబాయిలోని ఒక కంపెనీతో ఉత్తరాలు నడిపి, కెమెరాలు తెప్పించి ఇచ్చే ఏజెన్సీ కూడా తీసుకున్నాను. గద్వాల సంస్థానంలోనే కాదు, అటు వనపర్తి, నాగర్‌కర్నూల్ దాకా నాకంటే ముందు ఆ పని పెట్టుకున్నవాళ్లు లేరని నా నమ్మకం. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పేవాణ్ణి.

ముప్పై ఏళ్లలో నేను తెరిచిన గడియారాలకు లెక్కలేదు. ఏది ఎవరిదో చాలావరకు మరిచిపోయాను. ఒక్క కెమెరాను మాత్రం మరిచిపోలేదు. అది నేను తెరవకూడని వస్తువు.

దాన్ని కొన్నది తిమ్మప్ప. నేతపని వాళ్ల వాడకట్టు మనిషి. ఇంట్లో ఒక మగ్గం. తండ్రి పోయాక తల్లి, భార్య ఈరమ్మ, తను. చేతిలో మంచి పని ఉన్నా అతని మనసు మగ్గం గుంటలో నిలవలేదు. కర్నూలు నుంచి అలంపూరు శివరాత్రికి వచ్చే ఒక ఫోటోగ్రాఫరు వెంట రెండేళ్లపాటు సామాను మోసి, పని నేర్చుకున్నాడు. గద్వాలలో ఫోటోలు తీసేవాళ్లు లేరు, పెళ్లిళ్లకు కర్నూలు నుంచి పిలిపించుకుంటున్నారు, నేనే ఎందుకు తీయకూడదు అన్నది అతని ఆలోచన. అయిజ దగ్గర ఈరమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చిన చెలక, వాన మీద పండే మెట్ట పొలం, ఉండేది. దాన్ని అమ్మి కెమెరా తెప్పించమని నా దగ్గరికి వచ్చాడు. చెలక అమ్మడానికి ఒప్పుకున్నది ఈరమ్మే. అత్తకు ఇష్టం లేకపోయినా మొగుడి పక్షాన నిలబడింది.

కెమెరా రైలు పార్సిలులో వచ్చింది. జర్మనీలో చేసిన, నల్లటి తోలు కప్పిన పెట్టె. ముందు మూత దించితే లోపలి నుంచి బెల్లోస్, అంటే మడతలు మడతలుగా సాగే తోలు తిత్తి, బయటికి వస్తుంది. తిత్తి కొసన అద్దం, దాని మధ్యలో షట్టరు. షట్టరు అంటే వెలుతురును లోపలికి విడిచి మళ్లీ మూసే తలుపు. కాగితం కన్నా పలచని ఐదు ఉక్కు రేకులు ఒక దానిమీద ఒకటి జారుతూ క్షణంలో తెరుచుకుని మూసుకుంటాయి. వెనక గాజు ప్లేటు ఉంటుంది, బొమ్మ దానిమీద పడుతుంది.

తిమ్మప్పకు కబురు చేసే ముందు నేను షట్టరును నొక్కి చూశాను. వేగంగా పెట్టినప్పుడు బాగానే పలికింది. నెమ్మదిగా పెట్టినప్పుడు రెండుసార్లు సగంలో ఆగి, ఆలస్యంగా మూసుకుంది. కొత్త వస్తువులోనే లోపం ఉందన్నమాట. అప్పుడు చేయవలసింది ఒకటే. ఉన్నది ఉన్నట్టు రాసి, వచ్చిన పెట్టెలోనే వెనక్కి పంపాలి. కంపెనీ ఇంకొకటి పంపేది. నెల పట్టేది.

కాని దసరా పది రోజుల్లో ఉంది. నేతవాళ్లు ఆ రోజు మగ్గానికీ పనిముట్లకూ పూజ చేస్తారు. కొత్త వస్తువుతో పని మొదలుపెడితే ఆ రోజే పెట్టాలని తిమ్మప్ప ఇల్లంతా అనుకుంటున్నారు. నేను తెప్పించిన మొదటి కెమెరా చెడ్డదని చెప్పడం నాకు నామోషీ అనిపించింది. పైగా ఆ షట్టరులో నెమ్మది వేగాన్ని నడిపించేవి చిన్న పళ్ల చక్రాలు. గడియారంలో ఉండేలాంటివే. వాటిని చూడగానే నా చేతులు ఆగలేదు. ఈ ఊళ్లో ఇది నాకు తప్ప ఎవరికి వస్తుంది అనుకున్నాను.

షట్టరు ముందు పలకను బిగించిన మర మీద కంపెనీవాళ్లు ఎర్ర లక్క చుక్క పెట్టి ఉన్నారు. లోపల వాళ్లు తప్ప ఇంకొకరు చెయ్యి పెట్టలేదనడానికి అది గుర్తు. దాన్ని సూదితో గీకేశాను. పలక విప్పి, చక్రాల ఇరుసులకు గడియారం నూనె సూదిమొనతో పెట్టాను. గడియారాల వాడికి తోచే మందు అదే. రెండు చుక్కలు సరిపోయేచోట నాలుగు పెట్టాను. నొక్కితే బ్రహ్మాండంగా పలికింది. సీలు వేసే లక్కను కరిగించి, గీకేసిన చోట నా చుక్క నేను పెట్టాను.

షట్టరు రేకులు పొడిగా ఉండాలని, నూనె తగిలితే ఒకదానికొకటి అతుక్కుంటాయని నాకు అప్పుడు తెలియదు. అంతవరకు అది తెలియనితనం. లక్క చుక్క మాత్రం తెలిసి పెట్టిందే.

మర్నాడు తిమ్మప్ప, ఈరమ్మ ఇద్దరూ వచ్చారు. కెమెరాతో వచ్చిన గ్యారంటీ కాగితాన్ని తిమ్మప్ప రెండు చేతులా పట్టుకుని చూశాడు. అంతా ఇంగ్లీషు.

“గీ కాయితం ఏందన్నా?”

“గ్యారంటీ. ఏడాది లోపల ఏం చెడినా కంపెనీవాళ్లే బాగుచేసిస్తరు. బాగుగాకుంటే కొత్తదిస్తరు.”

ఈరమ్మ అడిగింది: “ఏం చెడినా?”

“ఏం చెడినా, చెల్లె.”

“మరి కాయితం నిండ రాసిండ్రు గద. గంత పెద్ద రాతల గీ ఒక్క ముచ్చటనే ఉన్నదా?”

“ఇంగ్లీషోళ్లు ఒక్క ముచ్చటను పది తీర్ల చెప్తరు,” అన్నాను.

ముగ్గురం నవ్వాం. కాగితంలో పది తీర్లు లేవు. రెండే ఉన్నాయి. మొదటి సగంలో కంపెనీ ఏం చేస్తుందో ఉంది. రెండో సగంలో ఏం జరిగితే చేయదో ఉంది. కంపెనీ మనిషి కాక వేరెవరైనా షట్టరు తెరిస్తే గ్యారంటీ చెల్లదు అన్నది అందులో మొదటి మాట. దాన్ని నేను చదవలేదు. చదివితే నా నాలుక నన్నే పట్టించేది. కాగితం కింద చింపి పంపవలసిన ముక్క ఉంటుంది. కొన్నవాడి పేరు, కెమెరా నంబరు నింపి పద్నాలుగు రోజుల్లో బొంబాయికి పోస్టు చేయాలి. ‘వస్తువు తెరవని స్థితిలో అందజేయబడినది’ అన్న వరుస కింద నేను సంతకం చేసి పంపాను.

“ఇంట్ల నన్ను గింత మంచిగ చూసుకోలే ఎన్నడు,” అంది ఈరమ్మ, తిమ్మప్ప కెమెరాను పైపంచెలో చుట్టి ఎత్తుకోవడం చూసి. “పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటుండు.”

“నువ్వు పడితె లేస్తవు. గిది పడితె లేవది,” అన్నాడు తిమ్మప్ప.

దసరా రోజు మగ్గం పక్కన పీట వేసి కెమెరాను పెట్టారు. పూజ ఈరమ్మ చేసింది. మగ్గానికీ, నూలు కండెను అటూ ఇటూ మోసే నాడెకూ పెట్టినట్టే కెమెరాకూ పసుపు కుంకుమ పెట్టింది. నేనూ వెళ్లాను, కొబ్బరి ముక్క తిన్నాను.

చలికాలమంతా కెమెరా బాగా పనిచేసింది. సంస్థానం కచేరీలో పనిచేసే గుమాస్తాలు ఒకరి వెంట ఒకరు ఫోటోలు తీయించుకున్నారు. వడ్డేపల్లి నుంచి ఒక రైతు తన ఎడ్ల జతకు ఫోటో తీయించుకోవడానికి బండి కట్టుకుని వచ్చాడు. తాను పక్కన నిలబడతానంటే ఎడ్లు కనబడవని, ఒక్క ఎడ్లనే తీయమన్నాడు. తిమ్మప్ప ఆ ప్లేటు తెచ్చి నాకు చూపించి, “నా దగ్గర కదలకుండ నిలబడ్డోళ్లు గీ ఎడ్లే అన్నా,” అన్నాడు. నా గుండెలో ఉన్న కొంచెం బెరుకు కూడా ఆ నెలల్లో పోయింది. నేను చేసిన మరమ్మతు నిలబడింది, ఎవరికీ చెప్పవలసిన పని లేదు అనుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. మా వైపు ఎండల సంగతి చెప్పనక్కరలేదు. గడియారం నూనె వేడికి పలచబడి, ఉన్న చోట ఉండక పాకుతుంది. గడియారంలో అది చక్రాల మధ్య పోతుంది. షట్టరులో రేకుల మీదికి పోతుంది.

1939 మే నెలలో వనపర్తిలో ఒక వకీలు ఇంట పెళ్లికి తిమ్మప్పను పిలిచారు. అంత పెద్ద ఇంటి పిలుపు అతనికి అదే మొదటిది. ఎనిమిది ప్లేట్లు తీశాడు. ఇంటికి వచ్చి మందులో కడిగితే ఎనిమిదీ నల్లగా వచ్చాయి. షట్టరు తెరుచుకుని, మూసుకోవలసిన క్షణంలో మూసుకోక, వెలుతురు ప్లేటు నిండా పోసింది. ఎక్కువ వెలుతురు పడిన ప్లేటు కడిగితే బొగ్గులా అవుతుంది. వాటి నుంచి కాగితం మీద ఏమీ దిగదు. చెడిన పాకాన్ని పారబోసి మళ్లీ కాచినట్టు మళ్లీ తీద్దామనడానికి లేదు. పెళ్లి అయిపోయింది.

మూడో రోజు ఉదయం తిమ్మప్ప కెమెరా, ప్లేట్లు పట్టుకుని దుకాణానికి వచ్చాడు. ఒక ప్లేటు తీసి వెలుతురుకు అడ్డంగా పట్టాడు.

“చూడన్నా. పెండ్లికొడుకు యాడ, పెండ్లిపిల్ల యాడ?”

“వకీలు ఏమన్నడు?”

“ఏమంటడు. ‘మా పిలగాన్ని బొగ్గు చేసినవు’ అన్నడు. ‘పెండ్లి మల్ల చేయమంటవా’ అన్నడు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన, ఏం చేయాల్నో తెల్వక.” ప్లేటు బల్లమీద పెట్టి అన్నాడు: “ఏడాది కాలేదు గదన్నా. గ్యారంటీ ఉన్నది గద. నువ్వు రాసి పంపితె కొత్తదొస్తది గద.”

నేను కెమెరా తీసుకుని షట్టరు నొక్కాను. తెరుచుకుంది. మూసుకోలేదు. భూతద్దం కంటికి పెట్టుకుని వంగి చూశాను. రేకుల మీద నూనె మెరుస్తోంది. నా నూనె.

అప్పుడే అద్దం చుట్టూ ఉన్న ఉంగరం గాడిలో, సన్నగా, గోరు అంచంత మేర ఎర్రగా కనిపించింది. కుంకుమ. దసరా నాటిది. అది బయట ఉంది. లోపలికి పోవడానికి దారి లేదు. ఆ సంగతి నాకు తెలుసు.

“తిమ్మప్పా, దీనికి కుంకుమ పెట్టిండ్రా?”

“పెట్టినం గద. నువ్వు గూడ ఉంటివి.”

“గదే. కుంకుమ లోపటికి పోయింది. రేకులకు పట్టింది. బొంబాయోళ్లు చూస్తె గిది వాడుకున్నోళ్ల తప్పంటరు. గ్యారంటీ నడువది.”

తిమ్మప్ప మెల్లగా అన్నాడు: “దేవుని పేరు మీద పెట్టినమన్నా.”

“మిషనుకు దేవుడేం ఎరుక,” అన్నాను నేను.

ఆ మాట ఎందుకు అన్నానో నాకు ఇప్పుడు బాగా తెలుసు. అది అతని నోరు మూయించే మాట. చదువుకున్నవాడు చదువురానివాడితో అనే మాట. అతను తలవంచుకుని, “నీ దగ్గరనే ఉంచుకో, ఏమన్న అయితదేమో చూడు,” అని కెమెరా బల్లమీద వదిలి వెళ్లిపోయాడు.

రెండు రోజులకు ఈరమ్మ ఒక్కతే వచ్చింది. దుకాణంలో వేరేవాళ్లు ఉంటే వాళ్లు పోయేదాకా గడప బయట నిలబడింది.

“అన్నా, ఒక మాట అడుగుత, కోపం చేసుకోకు. మేం మగ్గానికి పెడ్తం. కత్తెరకు పెడ్తం. తూకం రాళ్లకు పెడ్తం. యాడ గిట్ల కాలే. సిటికెడు కుంకుమకు గింత పని అయితదా?”

నేను చేతిలో ఉన్న గడియారం మీద నుంచి తల ఎత్తలేదు. “సన్న మిషను, చెల్లె. అయితది.”

“నేను ఏలు నిండ గూడ పెట్టలే. గింతనే.” ఉంగరం వేలి కొస చూపించింది. “గట్ల గూడ అయితదా?”

అప్పుడైనా నిజం చెప్పడానికి దారి ఉంది. ఆమె ఆ దారిని నాకోసం రెండుసార్లు తెరిచింది. “అయితది,” అన్నాను. ఆమె చేయి దించుకుంది. “అయితె నాదే తప్పు,” అని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే షట్టరును మళ్లీ విప్పాను. రేకులను పెట్రోలుతో తుడిచి పొడిగా చేస్తే, ఎవరికీ తెలియకుండా బాగైపోతుంది, కుంకుమ తీసేశానని చెప్పవచ్చు అనుకున్నాను. నాలుగు రేకులు శుభ్రంగా వచ్చాయి. ఐదోది చిమటాతో ఎత్తుతుంటే దాని కొసన ఉన్న మేకు, ఆవగింజలో సగం ఉంటుంది, విరిగిపోయింది. దాన్ని అతికించడం నా వల్ల కాలేదు. ఆ రేకు జర్మనీ నుంచి రావలసిందే.

అప్పుడైనా బొంబాయికి రాయవలసింది. రాస్తే ‘ఎవరు తెరిచారు’ అని అడుగుతారు. నా సంతకం వాళ్ల దగ్గర ఉంది. ఏజెన్సీ పోతుంది. నేను రాయలేదు. తిమ్మప్పతో మాత్రం రాశానని చెప్పాను.

తిమ్మప్ప వారానికోసారి వచ్చేవాడు. “జవాబొచ్చిందా అన్నా?”

“రాసిన. ఇంక రాలే.”

జూన్ అలా పోయింది. జూలై పోయింది. రాయని ఉత్తరానికి జవాబు ఎలా వస్తుంది? అతను మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. ఫోటోలకు ఎవరైనా అడిగితే కెమెరా బొంబాయి పోయిందని చెప్పేవాడట. అది నా దుకాణం బీరువాలో గుడ్డకింద ఉండేది.

ఆగస్టు చివరలో అదే వాడకట్టు నుంచి సాయన్న అనే పెద్దాయన గడియారం తెచ్చాడు. నేను పని చేస్తుంటే ఎదురుగా కూర్చుని ముచ్చట పెట్టాడు. తిమ్మప్ప తల్లి కోడలిని బతకనివ్వడం లేదన్నాడు.

“ముసల్ది వాకిట్ల కూసోని వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు చెప్తది. ‘సెలకను తిన్నది, ఫోటో డబ్బను తిన్నది, ఇంక నా కొడుకును తింటది’ అంటది. ఆ పిల్ల చేతితోని పొయ్యికి గూడ బొట్టు పెట్టనిస్తలేదు. మొన్న మా ఇంట్ల మగ్గానికి కొత్త పన్నె ఎక్కిస్తుంటే వచ్చి దూరంగ నిలబడ్డది. ఎందుకు బిడ్డా, రా అంటె, ‘నా చెయ్యి మంచిది కాదు పెద్దయ్యా’ అన్నది.”

“అదేం మాట,” అన్నాను.

“ఔ, అదేం మాట. నువ్వు గడియారాలోనివి, నీకెరుక. కుంకుమతోని మిషను చెడుతదా?”

నేను గడియారం మూత బిగించి అతని ముందు పెట్టాను. సాయన్న గడియారం తీసుకుని పోయాడు.

ఆ సాయంత్రమే కెమెరాను పార్సిలు కట్టాను. కట్టడానికి ముందు ఉత్తరం రాశాను. కొత్తగా ఉన్నప్పుడే లోపం కనిపించిందని, నేను తెరిచానని, నూనె పెట్టానని, లక్క చుక్క నాదని, తర్వాత రేకు విరగగొట్టానని, కొన్నవాడి తప్పు ఏమీ లేదని. నేను ఇంతకాలంలో రాసిన ఇంగ్లీషులో తప్పుల్లేని ఉత్తరం అదొక్కటే అనుకుంటాను. పార్సిలు పంపిన వారానికి జర్మనీతో యుద్ధం మొదలైందన్న వార్త వచ్చింది. ఆ వార్త విన్నప్పుడు బజారులో అందరూ యుద్ధం గురించే మాట్లాడుకుంటున్నారు. నాకు మాత్రం ఆ రేకు గుర్తొచ్చింది.

దసరా గడిచాక జవాబు వచ్చింది, కెమెరాతో సహా. మర్యాదగానే రాశారు. లోపల ఎర్రపొడి ఏమీ కనిపించలేదు. రేకులు అతుక్కుపోవడానికి కారణం నూనె. మొదట లోపం కనిపించిన రోజే పంపి ఉంటే షట్టరు మొత్తం మార్చి ఇచ్చేవాళ్లం. మే నెలలో జరిగింది జరిగినట్టు రాసినా, గ్యారంటీ కింద కాకపోయినా, ఆ రేకు తెప్పించి వేయగలిగేవాళ్లం. ఇప్పుడు జర్మనీ నుంచి సరుకు రావడం లేదు. ఎప్పుడు వస్తుందో చెప్పలేం. మీ ఏజెన్సీని రద్దు చేస్తున్నాం.

ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిమ్మప్ప ఇంటికి పోయాను. మధ్యాహ్నం. అతను మగ్గం గుంటలో ఉన్నాడు. ఈరమ్మ పక్క గదిలో నూలు కండెలు చుడుతోంది, రాట్నం చప్పుడు వినబడుతోంది. నేను నిలబడే ఉత్తరాన్ని మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పాను. ఈసారి ఒక్క వరుస కూడా వదల్లేదు. సగంలోనే రాట్నం ఆగింది.

తిమ్మప్ప నాడెను చేతిలో పట్టుకుని ఉన్నాడు. “అంటె నీకు మొదాలే ఎరుకేనా?”

“ఎరుకే.”

“ఆమె నీ దుకాణానికి వచ్చిననాడు గూడ?”

“ఆనాడు గూడ.”

“రాసిన, జవాబు రాలే అన్నది?”

“రాయలే.”

అతను నా వైపు చూడలేదు. నాడెను ఒకసారి అటు విసిరాడు, ఇటు విసిరాడు, దారాన్ని బిగించే పన్నె లాగి కొట్టాడు. “నీ మీద చెయ్యి చేసుకుందామంటే, నిన్ను ‘అన్నా’ అని పిలిచిన నోరిది,” అన్నాడు. అంతే.

ఈరమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. కళ్లలో నీళ్లు లేవు.

“గీ మాట నాకు చెప్తె ఏం ఫాయిద? నన్ను మా మొగోడు ఏమనలే. మా అత్త అన్నది. వాడకట్టు అన్నది. వాళ్లకు చెప్పు.”

“చెప్త, చెల్లె. మీ అత్తమ్మను పిలువు.”

“ఇంట్ల గాదు. రేపు పొద్దుగాల పడుగు సాపుతరు. అందరుంటరు. ఆడ చెప్పు.”

నేతవాళ్ల వీధిలో పొద్దున్నే పడుగు సాపడం అంటే ఆ వాడకట్టుకంతా పని. చీరకు నిలువు దారాలుగా వేసే నూలును వీధి పొడవునా గుంజల మధ్య కట్టి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదరకముందే అయిపోవాలి. ఇంటికొకరు వచ్చి చెయ్యి వేస్తారు. ఎవరింటి పడుగైనా అందరూ ఉంటారు.

నేను వెళ్లేసరికి ఇరవై ముప్పై మంది ఉన్నారు. తిమ్మప్ప తల్లి గడప మీద కూర్చుని ఉంది. ఈరమ్మ పడుగుకు అవతలి పక్క కుంచె పట్టుకుని ఉంది. ఎక్కడ నిలబడాలో తెలియక పడుగు కొసన నిలబడ్డాను. సాయన్నే, “ఏంది నర్సన్నా, గడియారాలు గిట్ల వీధిలకు వచ్చినయి?” అన్నాడు. కొందరు నవ్వారు.

చెప్పాను. కెమెరాను నేను తెరిచానని. నూనె పెట్టానని. కుంకుమ లోపలికి పోలేదని, పోలేదని తెలిసీ పోయిందన్నానని. ఈరమ్మ చేతిలో ఏ దోషమూ లేదని. చెప్తున్నంతసేపు కుంచెలు ఆగాయి. గంజి వాసన, దూరంగా ఎవరో దగ్గడం. అంతకన్నా నాకు ఏమీ గుర్తులేదు.

“అంటె మా గడియారాలల్ల గూడ ఏమేం పోసినవో,” అన్నాడు ఒకడు.

“ఇంటికి పోయి చూసుకోండ్రి,” అంది ఇంకొక ఆమె.

తిమ్మప్ప తల్లి లేచి నిలబడింది. నన్ను తిడుతుందనుకున్నాను. నన్ను చూడకుండా కోడలి వైపు చూసింది. కొంగు తలమీదికి లాక్కుని లోపలికి పోయింది. ఆ ముసలామెను కూడా నేనే ఆ స్థితికి తెచ్చానని నాకు అప్పుడు తోచింది. ఆమె నోటికి ఆ మాటలు అందించింది నేనే.

ఈరమ్మ ఒక్కతే కుంచె ఆపలేదు. దువ్వుకుంటూ, దువ్వుకుంటూ నేను నిలబడ్డ కొస దాకా వచ్చింది.

“జర పక్కకు జరుగన్నా,” అంది. “గంజి ఆరిపోతది.”

నేను జరిగాను.

తర్వాత గ్రామఫోన్లు, కొత్త గడియారాలు ఉన్నవన్నీ కర్నూలు వ్యాపారికి అమ్మేసి, ఆ డబ్బుతో అక్కడి ఒక ఫోటోగ్రాఫరు వాడుతున్న పాత కెమెరాను తిమ్మప్పకు తెచ్చి ఇచ్చాను. దాని తిత్తికి రెండుచోట్ల అతుకు ఉందని, షట్టరును ముందరి ఆయన ఒకసారి మద్రాసులో బాగుచేయించాడని తెలుగులో రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. అతను తీసుకున్నాడు. తీసుకోకపోతే బతుకు గడవదు కాబట్టి తీసుకున్నాడు. దానితోనే నిలదొక్కుకున్నాడు. చెలక మాత్రం తిరిగి రాలేదు. యుద్ధం రోజుల్లో దాని ధర పెరిగి, కొనుక్కోవడం ఎవరి వల్లా కాలేదు.

ఖరీదైన వస్తువు కొనేవాళ్లు నన్ను ఇప్పుడు సలహా అడిగితే ఒకటే చెబుతాను. గ్యారంటీ కాగితంలో ఇస్తామన్నది కాదు, ఇవ్వం అన్నది ముందు చదివించుకోండి. అమ్మేవాడు చదవకపోతే ఇంకొకరితో చదివించుకోండి. వస్తువు మీ చేతికి రాకముందు ఎవరైనా విప్పారా అని అడిగి, సమాధానం రాయించుకోండి. లోపం కనిపించిన రోజే పంపించండి, అమ్మినవాడు ‘నేను చూస్తా’ అంటే ఇవ్వకండి. ఇది కొనేవాళ్లకు. అమ్మేవాళ్లకు చెప్పడానికి నాకు నోరు లేదు. ఒక్క సంగతి మాత్రం నా అనుభవంగా చెప్పగలను. కొన్నవాడు నీ దగ్గరికి వచ్చి ‘తప్పు నాదేనా’ అని అడిగినప్పుడు, అతనికి వేరే దిక్కు లేదు. ఆ కాగితాన్ని చదవగలిగినవాడివి నువ్వొక్కడివే. అప్పుడు నువ్వు ఏం చెబితే అది అతని ఇంట్లో నిజమైపోతుంది.

మూడేళ్ల కింద ఒకరోజు ఉదయం తిమ్మప్ప చంకలో గోడగడియారం పెట్టుకుని నా దుకాణం ముందు నుంచి స్టేషను వైపు పోతున్నాడు. పిలిచాను. ఆగాడు. మాకు మాటలు ఉన్నాయి, పాత మాటలు లేవు.

“ఏమైంది గడియారానికి?”

“నిలబడ్డది. మా ఇంటామె కర్నూలుల చూపించుమన్నది.” అని కొంచెం ఇబ్బందిగా నిలబడ్డాడు. నా బల్ల అక్కడికి నాలుగు అడుగులు. కర్నూలుకు రైలెక్కాలి.

“మంచి మాటే,” అన్నాను. “గ్యారంటీ ఉంటే కాయితం వెంట తీసుకపో. వాళ్లు తెరిస్తే, తెరిచినమని రాయించుకో.”

“రాయించుకుంట,” అని వెళ్లిపోయాడు.